డారెన్‌కు నేనిచ్చిన దివ్యదృష్టి

మీకు అరకొరగా తెలిసిన జాతి మనిషిని ఎప్పుడైనా మీ కథలో పెట్టారా? నేను పెట్టాను. ఎనిమిదేళ్ల స్నేహానికి ఒక్క లంచ్ గంటలో నిప్పు పెట్టుకున్నాను.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, కానింగ్ వేల్ అనే పేటలోని ఒక వర్క్‌షాపులో నేను ఇంజనీర్ని. డారెన్ అక్కడ ఎలక్ట్రీషియన్. ఈ నేలకు మొదటి హక్కుదారులైన నూంగార్ జనం మనిషి. రోజూ నా పప్పన్నంలో సగం ఆయనదే. ఇక నేనంటారా, గుంటూరులో చదివే రోజుల నుంచీ వేదికలెక్కి జాతకాలనూ బాబాలనూ చీల్చి చెండాడినవాణ్ణి. "రుజువేది?" అని నేను అడగందే మా ఇంట్లో పాలు కూడా తోడుకోవు.

అలాంటి నేను మా తెలుగు సంఘం పత్రికకు డారెన్ మీద కథ రాశాను. అందులో ఆయన మట్టి వాసన చూసి వాన చెబుతాడు. కాకులతో మాట్లాడతాడు. కళ్లు మూసుకుని పూర్వీకుల ఆజ్ఞ వింటాడు. చెప్పేవి హేతువాద నీతులు, రాసేవి సోది కథలు! అచ్చుకు ముందే ఆయన మెప్పు కొట్టేద్దామని, మా అమ్మాయి నిత్యతో ఇంగ్లిష్‌లోకి మార్పించాను.

"నాన్నా, దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్!"

"నీకు సాహిత్యం తెలియదమ్మా. ఊరుకో."

లంచ్‌లో, పెళ్లిలో పద్యం అందుకునే మేనమామలా గొంతు సవరించుకుని చదివాను. డారెన్ ఫోర్క్ కింద పెట్టాడు.

"వాన సంగతి నేను ఫోన్‌లో చూస్తాను, మేట్. మా అమ్మ పేరేంటి?"

అందులో ఉందేమోనని నా కథ కాగితాలు తిరగేశాను.

"పోనీ, నాకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు... కాదు, ముగ్గురా?"

"నలుగురు. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు నువ్వు. సరే, నేనూ నీ మీద కథ రాస్తా. నువ్వు పద్మాసనం వేసుకుని నా పూర్వజన్మ చెబుతుంటావు."

నాకు ఒళ్లు మండింది. "నేను నాస్తికుణ్ణి, డారెన్!"

"నేను ఎలక్ట్రీషియన్ని, మేట్."

లేచి వెళ్లిపోయాడు. వారం రోజులు వేరే బల్ల దగ్గర తిన్నాడు. కథను పత్రిక నుంచి వెనక్కి తీసుకుని, ఎనిమిదో రోజున ఆయన ఎదురుగా వెళ్లి కూర్చున్నాను.

"మీ అమ్మగారి పేరేంటి?"

తన డబ్బా కాస్త పక్కకు జరిపాడు. "జాయిస్. కెమిస్ట్రీ టీచర్‌గా చేసింది. రుజువు చూపించందే దేన్నీ నమ్మదు."

దేవుడి మీద ఒట్టేయడం నాకు కుదరదు గనుక గురుత్వాకర్షణ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకపై అడగకుండా ఎవరికీ మహిమలు ప్రసాదించను. మీరూ ఆ కలం కింద పెట్టండి. లేవండి. మీ కథలోని మనిషి దగ్గరికి ఇవాళే వెళ్లి, ముందు వాళ్లమ్మ పేరు అడగండి.