నికెల్ కాని ఆకుపచ్చ గీత

సంగారెడ్డి నుంచి పొద్దున ఏడింటి బస్సులో పటాన్‌చెరు వచ్చే జనంలో జయశీలను ఎవరూ ప్రత్యేకంగా చూసేవారు కాదు. మెట్రిక్ చదువు, నూలు చీర, చేతిలో టిఫిను గిన్నె. కానీ ఉక్కు పోతపోసే ఆ ఫ్యాక్టరీలో ఏ ముక్కలో ఏ లోహం కలిసిందో కంటితో చూసి చెప్పాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. పెద్ద డిగ్రీల సార్లు కళ్లద్దాలు తుడుచుకుంటూ తంటాలు పడుతుంటే, ఆమె యంత్రం గొట్టానికి కన్ను ఆనించి ఇట్టే తేల్చేసేది.

పని ఏమిటంటే, ఉక్కు ముక్కకు కరెంటు మెరుపు తగిలిస్తే పైపొర ఆవిరై వెలుగుతుంది. ఆ వెలుగును గాజు పట్టకంలోంచి పంపితే రంగురంగుల సన్నని గీతలుగా విడిపోతుంది. ఏ లోహం గీతలు దానివే. గోడమీది పటంతో పోల్చుకుని రిజిస్టరులో రాయాలి. జయశీల అప్పటికింకా టెంపరరీయే. పర్మనెంటు కాగితం ఆ నెలాఖరుకు రావాలి.

1976 వేసవిలో అప్పటిదాకా మెరుపు ఇచ్చిన పాత ఆర్కు యంత్రం పక్కకు కొత్త స్పార్కు యంత్రం వచ్చింది. దాని మెరుపు మరీ గట్టిది. దాంతో చూసిన మూడో నమూనాలోనే, పటంలో నికెల్ గీత ఉండే చోట ఆకుపచ్చ గీత ఒకటి జిగేల్మంది. నికెల్ అసలు ఉండకూడని ఉక్కు అది. జయశీల "నికెల్ ఉన్నది" అని రాసి సంతకం పెట్టింది.

మరునాడు అందరూ ఫర్నేసు మేస్త్రీ కైలాసం మీద పడ్డారు. తుక్కు ఇనుము ఏరకుండా కరిగించాడన్నారు. మూడు రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే పనిలోంచి తీసేస్తామని కాగితం చేతిలో పెట్టారు. కైలాసం తిన్నగా ల్యాబుకు వచ్చాడు.

"బిడ్డా, ఒక్కొక్క ముక్క నా చేతులతోని ఏరి ఏసిన. నికెల్ స్క్రాపు ఆ దినం యార్డులనే లేకుండె. అయినా నువ్వు రాసినవంటే ఉన్నట్టే. ఏడికెల్లి వచ్చిందో జెర చెప్పు, పరేషాన్‌ల ఉన్న" అన్నాడు.

జయశీల మనసు చివుక్కుమంది. తిట్టినా బాగుండేది. ఆ మనిషికి తన చేతుల కంటే ఆమె కంటి మీదే ఎక్కువ నమ్మకం!

మధ్యాహ్నం తిండి మానేసి ఆ ముక్కను మళ్లీ పెట్టి చూసింది. ఆకుపచ్చ గీత ఉంది. కానీ నికెల్ ఉంటే నీలం రంగులో ఇంకో గీత కూడా కనబడాలి. ఎంత వెతికినా అది లేదు. అంటే అది నికెల్ కాదు. మరేమిటి?

అప్పుడు తండ్రి మాట గుర్తొచ్చింది. తండ్రి దేవసహాయం మిషన్ బడిలో సైన్సు పంతులు. చిన్నప్పుడు ఒకసారి ఆయన ఎండను పట్టకంలోంచి పంపి, ఆమెకు ఊదారంగు చివర రెండు నల్ల గీతలు చూపించాడు. తర్వాత మెరుపులో సున్నం పెడితే సరిగ్గా అదే చోట రెండు గీతలు వెలిగాయి.

"సున్నంల కాల్షియం ఉంటది బిడ్డా. గట్టి దెబ్బ తగిలితే దాని పరమాణువు ఒక ఎలక్ట్రాను పోగొట్టుకుంటది. ఇగ అప్పట్నుంచి దాని గీతలే వేరే. సూర్యుని మీద గూడ గట్ల ఎలక్ట్రాను పోయిన కాల్షియమే ఉన్నది. లోపల్నుంచి వచ్చే వెలుగుల తన రంగు మటుకు మింగేస్తది. ఏ రంగు ఇస్తదో గా రంగే తింటది" అన్నాడు.

దాని గీతలే వేరే. జయశీల గోడమీది పటం వైపు చూసింది. అది పాత ఆర్కుతో గీసిన పటం. కొత్త స్పార్కు దెబ్బకు ఇనుమే ఎలక్ట్రాను పోగొట్టుకుంటే?

బీరువాలో పోలిక కోసం దాచిన స్వచ్ఛమైన ఇనుప కడ్డీ తీసి స్పార్కు కింద పెట్టింది. అదే ఆకుపచ్చ గీత! కైలాసం ముక్కను పాత ఆర్కు కింద పెట్టింది. గీత ఉందా లేదా అన్నంతగా మసకబారింది. నికెల్ అయితే ఆర్కులోనూ నిలబడేది. ఇది ఎలక్ట్రాను పోయిన ఇనుము గీత.

ల్యాబు పెద్ద నాగేశ్వర్ సారు అంతా విని, గొంతు తగ్గించాడు. "కొత్త మిషన్ తప్పు చూపెట్టిందని రాద్దాం. నీ పేరెందుకు? నెలాఖర్ల నీ పర్మనెంటు కాగితం ఉన్నది గద."

"మిషన్ ఉన్నదే చూపెట్టింది సార్. నేనే తప్పు చదివిన."

ల్యాబులో తప్పు రాతను చెరపకూడదు. కింది మాట కనబడేలా దానిమీద ఒకే గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. జయశీల అలాగే కొట్టి, "ఈ గీత ఇనుముది. పొరపాటు నాది. కైలాసం తప్పేమీ లేదు" అని రాసింది.

కైలాసం కాగితం వెనక్కి తీసుకున్నారు. ఆమె పర్మనెంటు మాత్రం ఏడాది వెనక్కి పోయింది. తప్పు ఒప్పుకున్నవాళ్లకే వాత పెట్టే ఆఫీసులను తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

సోమవారం ఏడింటి బస్సు చెడిపోయి జయశీల రావడం ఆలస్యమైంది. కైలాసం కొత్త నమూనా గోనెపట్టాలో చుట్టుకుని తానే తెచ్చాడు. నాగేశ్వర్ సారు చెయ్యి చాపాడు. కైలాసం ఇవ్వలేదు.

"ఏమనుకోకుండ్రి సార్, కూసుంట. జయశీలమ్మ వచ్చినంకనే ఇస్త."