గాలి తగలని ఇంజను

మా వీధి మెకానిక్‌ను అందరూ డాక్టరు అనేవాళ్లు. చేతివాసి మంచిదే, నోరే మంచిది కాదు. బండికి ఎవరైనా కుచ్చులో పూసలో కట్టుకొచ్చారంటే వాళ్ల పని అయిపోయినట్టే. ఒకసారి సొంత చెల్లెలు తన మొగుడి బండికి ట్యాంకు కవరు కుట్టి తెస్తే, "బండికి లంగా కుట్టావేంటే!" అని పదిమందిలో నవ్వాడు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. పక్కనే పంక్చర్ల కొట్టు నాది కాబట్టి ఇవన్నీ నా కళ్ల ముందే జరిగేవి.

ఆ మొగుడు పార్సిళ్లు చేరవేసే మనిషి, మెతక. ఎండలు ముదిరాక ఇంజను వేడెక్కి దారిలో ఆగిపోతోందని బండి తెచ్చాడు. డాక్టరు ఆయిలు మార్చాడు, ప్లగ్గు చూశాడు, కార్బురేటర్ కడిగాడు. మిట్టమధ్యాహ్నం తనే ఊరి చివరిదాకా నడిపి వచ్చాడు. బండి బంగారంలా నడిచింది.

"బండికేం కాలేదు బావా, నీకే వేడి చేసింది. ఇన్ని నీళ్లు తాగు."

కొన్నాళ్లకు మళ్లీ తెచ్చాడు. మళ్లీ అదే మాట, అదే నవ్వు.

ఆ తర్వాత పెద్ద రోడ్డు మీద ఇంజను పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుని మనిషి కింద పడ్డాడు. వెనకే లారీ. అంతకు మించి చెప్పడానికి నాకు నోరు రాదు.

బండిని షెడ్డుకు తెచ్చారు. ఇంజను ముందుండే కాళ్ల గార్డుకు ఈ చివరి నుంచి ఆ చివరికి రెక్సిన్ పట్టా కట్టి ఉంది. మొగుడి కాళ్లకు వడగాలి కొట్టకుండా ఆ పిల్ల రెండు వరసల కుట్టుతో కుట్టింది. ఆ ఇంజను చల్లబడేదే ఎదురుగాలితో. ఇంజను చుట్టూ ఉండే ఇనప రెక్కలకు గాలి సోకే దారే లేదు. తాళ్ల కొసలు విప్పి కట్టి, విప్పి కట్టి పీచులైపోయాయి.

"నా దగ్గరికొచ్చే ముందు విప్పి దాచేవాడు. చెల్లి కుట్టు చూసి మళ్లీ నవ్వుతానని" అన్నాడు డాక్టరు. అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత ఆ పట్టా కోసి తగలబెట్టాడు.

ఆ పిల్ల వచ్చింది. "బండికి ఏమైందన్నయ్యా? నేను కుట్టిందేమైనా అడ్డం పడిందా?"

"ఛ, అది కాదమ్మా. ఆయిలు పంపు పోయింది. నేనే చూసుకోలేదు."

"రెండుసార్లు తెచ్చారు కదా నీ దగ్గరికి. చూసుంటే బతికుండేవారు కదా?"

"ఉండేవాడమ్మా."

నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇప్పుడు అన్న ఎదురుపడితే ముఖం తిప్పుకుంటుంది. చూడలేక, నిజం చెప్పేయరాదా అని ఒకరోజు గట్టిగానే కేకలేశాను.

"నన్ను తిట్టుకుంటూనైనా ఇంత తింటోందట" అన్నాడు. "తిననీ."