డబ్బా అత్త గేటు

రాళ్ల క్వారీ గేటు కాసే ఆవిడను అందరూ డబ్బా అత్త అంటారు. రాతిలో మందు కూరి కరెంటు తీగలు కలిపే వేళ, దగ్గర్లో సెల్‌ఫోను గానీ వాకీటాకీ గానీ పలికితే ఆ తరంగానికే మందు ముందుగా పేలిపోవచ్చు. అందుకని లోపలికి పోయే ప్రతివాడూ తన దగ్గరున్నది ఆపేసి ఆవిడ ఒళ్లోని రేకు డబ్బాలో వెయ్యాలి. పుల్ల నములుతూ చెయ్యి చాపుతుందే గాని ఆవిడ ఎవరినీ బతిమాలదు. బూటులో రెండో ఫోను దాచినవాణ్ణి నడకను బట్టే పట్టేస్తుంది.

మొన్న ఓనరు వాకీటాకీలో మాట్లాడుతూనే జీపులో వచ్చాడు. లోపల పదకొండు మంది తీగలు కలుపుతున్నారు. అత్త తన స్టూలు తెచ్చి జీపు ముందు వేసుకుని కూర్చుంది.

“క్వారీ ఎవరిదనుకున్నావే?” అన్నాడాయన.

“మీదే బాబూ. లోపలున్నోళ్లు మాత్రం వాళ్ల పెళ్లాంబిడ్డల సొత్తు.”

“రేపట్నుంచి పనిలోకి రాకు.”

“రేపటి మాట రేపు. ఇవాళ్టికి గేటు నాదే.”

డ్రైవరు నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. ఓనరు జీపు దిగి విసురుగా వాకీటాకీని డబ్బాలో పడేశాడు. అత్త దాన్ని తీసి చూసి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

“ఇంకా వెలుగుతోంది. ఆపి వెయ్యండి.”

ఆయన ఆపి వేశాక గానీ ఆవిడ స్టూలు మీంచి లేవలేదు.