పెయింటర్ ఇంటి దొర

పక్కింటివాళ్లు మేడ కట్టినా, మేనల్లుడు కారు కొన్నా పెయింటర్ పల్లెత్తు మాట అనలేదు. అతని కుళ్లంతా కట్టుకున్నదాని మీదే. కారణం ఇంట్లో కుక్క.

కుక్కని తెచ్చింది అతనే. సున్నాలు వేస్తున్న ఇంటి వెనక వానలో వణుకుతుంటే, ఖాళీ రంగు బకెట్లో పెట్టుకుని తెచ్చాడు. దొర అని ముద్దుగా పిలిచాడు. దొరగారు బకెట్లోంచి దిగీ దిగగానే తిన్నగా వెళ్లి పెయింటర్ భార్య ఒళ్లో కూర్చున్నారు. ఇక అక్కడే స్థిరపడిపోయారు.

తప్పంతా రంగుల్లో కలిపే టర్పెంటైన్‌ది. సబ్బులు అరగదీసినా ఆ వాసన పెయింటర్ ఒంటిని వదిలేది కాదు. దగ్గరికి తీసుకోబోతే దొర వరసపెట్టి తుమ్మి, ఆమె వెనక్కి వెళ్లి నక్కేవాడు.

"వాడికి మీ రంగు నచ్చలేదులెండి," అని ఆమె పకపకా నవ్వేది.

అతనికి ఒళ్లు మండేది. "షికారుకి నేను కావాలి, తోక ఊపడానికి ఆవిడ కావాలా?" అని దొరతోనే పోట్లాట పెట్టుకునేవాడు.

దొర ముసలివాడై, కళ్లు మసకబారాక, కూతురి పురిటికని ఆమె ఊరెళ్లింది. దొర తిండి మానేసి గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. పెయింటర్ పని మానేసి, పూటపూటా ఒళ్లు రుద్దుకుని బతిమాలాడు. ఊహూఁ. చివరికి సిగ్గు విడిచి భార్య పాత స్వెటర్ తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగుసుకుపోయి, చేతులు మోచేతుల దాకే వచ్చాయి. దొర వాసన పీల్చి, పాక్కుంటూ వచ్చి ఒళ్లో తల పెట్టాడు. తుమ్మలేదు. చేత్తో పెడితే నాలుగు ముద్దలు తిన్నాడు కూడా.

పెయింటర్‌కి ఏనుగెక్కినంత సంబరం. అంతలోనే అనుమానం. ఈ మర్యాద నాకా, స్వెటర్‌కా? విప్పి చూశాడు. దొర మొహం తిప్పేసుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. నోరు విప్పితే గుట్టు రట్టవుతుందని, మాట్లాడకుండా మళ్లీ తొడుక్కున్నాడు.

ఆ సాయంత్రం ఫోన్ వస్తే పెరట్లోకి వెళ్లి ఎత్తాడు.

"దొర ఎలా ఉన్నాడండీ? నాకోసం వెతుకుతున్నాడా?"

చిక్కి సగమయ్యాడు, వెంటనే రా అనాలి. కడుపులో కుళ్లు అడ్డం పడింది. "నువ్వసలు గుర్తే లేవు. నా ఒళ్లోంచి దిగితే ఒట్టు," అన్నాడు.

"సరేలెండి. అయితే ఇంకో వారం ఉండి వస్తాను."

ఆ వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, స్వెటర్ అంచులో ముక్కు దూర్చుకుని దొర పోయాడు.

ఆమె వచ్చి పెరట్లో దొరని పాతిన కొత్త మట్టి దగ్గర కూలబడింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "పోనీలెండి, నామీద బెంగ పెట్టుకోకుండా పోయాడు. మీరు అదృష్టవంతులు. నిజం చెప్పనా, మిమ్మల్ని చూస్తే కుళ్లుగా ఉంది," అంది.

ఇన్నేళ్లూ ఆ మాట వినాలనే అతను పడి చచ్చింది. తీరా విన్నాక ఆమె పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

"నన్ను నువ్వే అనుకున్నాడే," అన్నాడు. "నీ స్వెటర్ వేసుకుని కూర్చున్నా. విప్పితే నా మొహం కూడా చూళ్లేదు. నీకోసమే తిండి మానేశాడు."

"మరి ఫోన్లో అలా చెప్పారేం?"

అతను తల దించుకున్నాడు. ఆమెకి అర్థమైంది.

"రమ్మని ఒక్క మాట అంటే ఆ పూటకే వచ్చేదాన్ని కదండీ," అంది. అంతే, ఇంకేం అనలేదు. నాలుగు తిట్టినా బాగుండు అనుకున్నాడు పెయింటర్.