గురక ఆగినప్పుడు విన్న మనిషి

మొన్నీమధ్య ఒక పొద్దున కోదాడ నుంచి ఫోను వచ్చింది. మా వియ్యంకుడు పోయారు. టీ తెచ్చేలోపు, కూర్చున్న కుర్చీలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లిపోయారట. నేను ఏడ్చాను. ఏడుస్తూనే ఎదురుగా నిలబడ్డ నా కొడుకును చూసి రెండు చేతులూ జోడించాను. వాడు నిండుగా, గుండ్రాయిలా నా కళ్ల ముందు ఉన్నాడంటే అంతా ఆ మహానుభావుడి చలవే. ఆ సంగతి నలుగురికీ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

తొంభైలు మొదలైన కొత్త. మావాడు మా పాత లారీలో మోతె వైపు వడ్లు ఎత్తి మిర్యాలగూడ మిల్లులకు తోలేవాడు. సూర్యాపేట నుంచి బస్సులో పెళ్లిచూపులకు కోదాడ వెళ్లాం. సంబంధం ఖాయం కానిదే పిల్ల ఇంట భోజనం చేయకూడదు కదా, ఉప్మా, టీ పెట్టారు. పిల్ల ఇంకా బయటికే రాలేదు, మావాడు చేతిలో కప్పుతోనే కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయాడు. పైగా గురక!

నా భార్య వాడి మోచెయ్యి గిల్లింది. నేను మాత్రం గర్వంగానే చెప్పాను.

“ఏమనుకోకున్రి. కష్టపడేటోని గురక గిట్లనే ఉంటది. మా నాయన గురకకు పక్కింటి బర్రెలు బెదిరేటివి.”

అందరూ నవ్వారు. అంతలో గురక ఠక్కున ఆగింది. “అమ్మయ్య, లారీ ఆగింది” అన్నాడు సంబంధం తెచ్చిన పెద్దమనిషి. మళ్లీ నవ్వులు. పిల్ల తండ్రి మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టి, కుర్చీ మావాడి పక్కకు లాక్కున్నారు. వాడి రొమ్ము ఎగురుతోంది గానీ ముక్కులో గాలి ఆడటం లేదు. ఉన్నట్టుండి నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఎగపీల్చాడు. కప్పు కిందపడి పగిలింది. అయినా మళ్లీ కునికాడు.

“రోజూ ఇట్టాగేనా, బావా?”

ఏదీ ఖాయం కాకముందే నన్ను బావా అన్నారు!

“రోజూ గింతే. పొద్దున లేస్తే తలనొప్పంటడు. జర కూసున్నా కునుకుతడు” అన్నాను.

“స్టీరింగు ముందు కూడానా?”

నేను వంగి పగిలిన కప్పు పెంకులు ఏరసాగాను. నా భార్యే చెప్పింది. “మునగాల కాడ లారీ రోడ్డు దిగిందన్నా. దేవుని దయ, పొలంల ఆగింది.”

“మా తమ్ముడూ ఇట్టాగే నిద్రపోయేవాడమ్మా. మేమూ నవ్వుకున్నాం. ఇది జబ్బని తెలిసేసరికి వాడు లేడు.” ఆయన మావాడిని తట్టి లేపారు. “అబ్బాయ్, నీ జేబులోని లారీ తాళంచెవి ఇటియ్యి. డాక్టరుకు చూపించాకే భోజనం, పెళ్లిమాట.”

తిరుగు బస్సులో నేను గొణిగాను. “పిల్లనియ్యనోడు తాళం గుంజుకునుడేంది?”

“తాళమే గుంజుకున్నడు, కొడుకును మిగిల్చిండు. సప్పుడు చెయ్యకు” అంది నా భార్య.

సూర్యాపేటలో గొంతు డాక్టరు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. గురక పెట్టేవాళ్లందరికీ జబ్బు ఉండదట. ఒకే తీరున సాగితే చాలావరకు వట్టి గురకే. మధ్యలో ఊపిరి ఆగి, ఎగపీలుస్తూ ఉలిక్కిపడుతుంటే, పగలంతా కునుకుతుంటే మాత్రం తప్పకుండా చూపించుకోవాలట. మమ్మల్ని హైదరాబాదు పంపారు. అక్కడ రాత్రంతా నిద్రపోనిచ్చి వాడి ఊపిరి గమనించారు. పెరిగిపోయిన టాన్సిల్స్ తీశారు. ఒళ్లు తగ్గమన్నారు, కల్లు మానమన్నారు, వెల్లకిలా పడుకోవద్దన్నారు. ప్రతిసారీ పెరుగన్నం డబ్బా పట్టుకుని ఆయనా మా వెంట వచ్చారు. ఏ చుట్టరికం ఉందని!

డాక్టరు మళ్లీ చూసి బండి నడపవచ్చన్నాకే నిశ్చయం. తాంబూలం పళ్లెంలో ఆకులు, వక్కల మధ్య మా లారీ తాళంచెవి మెరిసింది.

“పిల్లనూ ఇస్తున్నా, బండినీ ఇస్తున్నా బావా. రెండూ జాగ్రత్త.”

ఆ పళ్లెం కళ్లకద్దుకున్నాను. ఆ పూట వాళ్లింట తిన్న గోంగూర పప్పు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

అప్పటి నుంచి అల్లుడు కోదాడ వెళ్లి మధ్యాహ్నం మంచమెక్కితే, ఆయన కుర్చీ పక్కన వేసుకునేవారు. ఈగలు తోలుతున్నట్టు తువ్వాలు ఆడించేవారు గానీ చెవి వాడి ఊపిరి మీదే. కాసేపటికి ఆయనే గురక పెట్టేవారు.

“బావా, నీదే మిల్లు లెక్క మోగుతుంది. నువ్వు సూపించుకున్నవా?” అని ఎగతాళి చేసేవాణ్ణి.

“చూపించుకున్నాలే. నాది ఆగని మిల్లు. ఆగి ఆగి తన్నుకునే మిల్లుకే భయపడాలి బావా.”

దినాల నాడు కోదాడలో భోజనాలయ్యాయి. మావాడు పక్కకు తిరిగి మంచం మీద ఒరిగాడు. ఎవరూ చెప్పకుండానే కోడలు వాళ్ల నాన్న కుర్చీ తెచ్చి పక్కన వేసింది. నేను కూర్చున్నాను. సన్నని గురక, ఒకే తీరున సాగుతోంది. కోడలు గుమ్మంలో నిలబడి కాసేపు విని, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

ఈగ ఒకటి వాలబోయింది. భుజం మీది తువ్వాలు తీసి ఆడించాను.