పందులు పారిపోయిన పాట

చదువయ్యాక, ఉద్యోగం దొరికేలోపు, ప్రతివాడికీ తనలో ఒక కళాకారుడు కనబడతాడు. ఆ రోజుల్లో నాకు గాయకుడు కనబడ్డాడు. నరసరావుపేటలో గది తీసుకుని ఒక ఆర్కెస్ట్రా మాస్టారి చుట్టూ ఆరు నెలలు తిరిగితే, ఆయన చివరికి "వచ్చే నెల పెళ్లిలో ఒక్క పాట పాడు. జనానికి నచ్చితే తీసుకుంటా" అన్నారు. నచ్చకపోతే నాన్న చూసిపెట్టిన గోడౌన్ ఉద్యోగానికి హైదరాబాదు బస్సెక్కాలి.

ఈలోగా బొల్లాపల్లి దగ్గర మా ఊరు వెళ్తే, మొక్కజొన్న చేలో అడవి పందులు పడుతున్నాయని బాబాయి లబోదిబోమంటున్నాడు. మా వైపు పందుల్ని బెదరగొట్టడానికి మనిషి అరుపులు రికార్డు చేసి చేలో మైకులో మోగిస్తారు. "ఒరేయ్, నా గొంతు బొంగురుపోయింది. నువ్వేందో రాగాలు తీస్తావంటగా, గట్టిగా తియ్యరా" అన్నాడు. పెళ్లిలో పాడాల్సిన పాటనే రాగం దగ్గర్నుంచి చివరిదాకా తీశాను (సాధన కూడా అవుతుందనుకున్నాను). పందులు ఆ చేను వైపు రావడం మానేశాయి. బాబాయి పొంగిపోయి ఆ రికార్డును చుట్టుపక్కల రైతులందరి ఫోన్లకూ పంపాడు.

పెళ్లివారిది ఈపూరు. నా వంతు రాబోతుండగా, ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో "మా చేలో బొల్లాపల్లి గొంతు పెట్టాం. చానా బాగా పనిచేస్తంది. ఎవడోగానీ, వాడు ఎత్తుకుంటే పందులు ఎనక్కి తిరిగి చూడవు" అంటున్నాడు. నేను పాడబోయే పాట సరిగ్గా ఆ రాగంతోనే మొదలవుతుంది. వేరే పాట రాదు (ఆరు నెలలూ ఒక్కదాన్నే సాధన చేశాను). సన్నగా, ఎవరూ గుర్తుపట్టకుండా పాడదామనుకున్నాను. తీరా మైకు పట్టుకోగానే, భయానికి గొంతు తగ్గడానికి బదులు ఇంకా లేచింది. పెద్దాయన చటుక్కున లేచి నిలబడి, "ఏమే, ఇట్రా! మన చేలో గొంతే ఇది!" అని భార్యను కేకేశాడు. పందిరంతా ఘొల్లున నవ్వింది. పాట సగంలోనే ఆగిపోయింది. మాస్టారు నా వైపు చూడనేలేదు.

పెద్దాయన మాత్రం వేదికెక్కి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ పుణ్యాన ఈసారి పంట ఇంటికొచ్చింది నాయనా. అన్నం తిని పో" అన్నాడు. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక ఏడుపొచ్చింది. మర్నాడే బస్సెక్కాను.

మరుసటి ఏడు, గోడౌన్‌లో ఉండగా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పందులు నీ పాటకి భయపడటంలా. పాట అయిందాకా ఉండి, నిదానంగా కంకులు తిని పోతన్నాయి." ఆయన బాధ ఆయనది. నేను ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. తన పాటను ఎవరో ఒకరు చివరిదాకా వినాలని పెళ్లిపందిట్లో సగంలో ఆగిపోయిన ఆ కుర్రాడు ఎంత తపించాడు, పాపం!