పొయ్యికి పెట్టకూడని రాయి

"ఇల్లు పెట్టుకోని గుడ్డ కింద పండుకునేదేందప్పా?" అన్నాడు మా నాయన, మా ఆయన ఫోన్‌లో టెంటు బొమ్మ చూపించగానే.

మా ఆయన నంద్యాలలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. కొండలెక్కే వాళ్ళ వీడియోలు చూసీ చూసీ ఆ పిచ్చి పట్టింది. టెంటు తెప్పించాడు, తలకు కట్టుకునే లైటు తెప్పించాడు. మా మిద్దె మీద రెండుసార్లు టెంటు వేసి చూసుకున్నాడు. రెండుసార్లూ అది గాలికి లేచి పక్కింటి వాళ్ళ వడియాల మీద పడింది. అయినా బుద్ధి రాలేదు. నల్లమలలో అడవి శాఖ వాళ్ళు టెంట్లు వేసుకోనిచ్చే చోటు ఒకటి వెతికి, మా ఇద్దరికీ అనుమతి అడగబోతుంటే, ఇద్దరికి కాదు, నలుగురికి అడగండి అన్నది నేనే. మిగతా ఇద్దరూ ఆళ్లగడ్డలో ఉండే మా అమ్మా నాయనా.

అడవి మీద ప్రేమతో అన్న మాట కాదది. నాకు వేరే పని ఉంది.

మా నాయన శిల్పి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క రేకుల షెడ్డులో కూర్చుని నలభై ఏళ్ళకు పైగా రాళ్ళలోంచి దేవుళ్ళను తీస్తున్నాడు. అంతకు ముందు ఏడాది ఒకసారి వెళ్ళినప్పుడు, ఆ రాతి దుమ్ములో ఆయన దగ్గు విని ఓర్చుకోలేక "ఇంక చాలు నాయనా, పని ఆపి నంద్యాలకు రాండి" అన్నాను. అన్నానంటే నెమ్మదిగా అన్నానని కాదు. నేను టీచర్ని. యాభై మంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు నాది. షెడ్డులో పనివాళ్ళంతా ఉలులు ఆపి చూశారు. ఆ తర్వాత నాయన నాతో ఫోన్లో మాట్లాడడం మానేశాడు.

ఎప్పుడు చేసినా అమ్మే ఎత్తేది. "నాయన పనిలో ఉండాడు." "నాయన ఇప్పుడే పండుకున్యాడు." "నాయన నీళ్ళు పోసుకుంటాండాడు." ఆ ఏడాది ఆయన పోసుకున్న నీళ్ళకు కేసీ కాలువ ఎండిపోవాల్సింది. నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఒక్క మాటకు కన్న కూతురి మీద ఇంత పట్టుదలా అనుకున్నాను. కొండల్లో అయితే నా నుంచి ఎక్కడికీ తప్పించుకోలేడు కదా. అక్కడ కూర్చోబెట్టి మాట కలపాలి, పని కూడా మానిపించాలి.

ఆ రెండోది, పని మానిపించడం, మేము అడవికి బయల్దేరే శనివారమే జరగాలి. ఎందుకంటే సోమవారం ఆయన రాయి చూడబోతున్నాడు. కొత్తపల్లె వైపు ఒక ఊరి గుడికి చెక్కాల్సిన నిలువెత్తు విగ్రహానికి. రాయి ఖాయం చేశాడంటే ఎనిమిది నెలలు ఆయనను ఆ షెడ్డులోంచి దేవుడు కూడా లేపలేడు. పైగా రాయి చూడడం మామూలు విషయం కాదు. మంచి రాయిని సుత్తితో తడితే కంచు గంటలా పలుకుతుంది. లోపల పగులుంటే ఓటి కుండలా దబ్బుమంటుంది. కంటికి రెండూ ఒకటే. పగులున్న రాయిని ఎంచుకుంటే ఏడో నెలలో దేవుడి ముక్కు దగ్గరికొచ్చేసరికి రాయి రెండుగా విడిపోతుంది. నలభై ఏళ్ళ పేరు కూడా దాంతోనే పోతుంది.

శనివారం మధ్యాహ్నం కారెక్కేటప్పుడు చూస్తే నాయన చేతిసంచిలో సుత్తి ఉంది. పెళ్ళికి పోయినా ఆయన సంచిలో సుత్తి ఉండాల్సిందే.

"అడవిలో సుత్తి ఎందుకు నాయనా?" అన్నాను వెనక సీటులోంచి.

ఆయన పలకలేదు. అమ్మ మాత్రం "ఉండనీలేవే, నీకేం బరువు?" అంది.

మేము చేరేసరికి ఎండ ఇంకా ఉంది. వాగు పక్కన చదును చేసిన చోటు, చుట్టూ ఆకు రాలుస్తున్న చెట్లు. శివరాత్రికి ఇంకా పది రోజులున్నాయి, కాబట్టి చలి శివశివా అని వెళ్ళిపోలేదు. అడవి గార్డు నేల మీద కట్టెతో గుండ్రంగా గీత గీసి, నిప్పు ఆ గీత దాటకూడదని చెప్పి వెళ్ళాడు. మా ఆయన టెంటు విప్పాడు. ఒక పక్క లేపితే ఇంకో పక్క పడిపోతోంది. అమ్మ కాసేపు చూసి, "అల్లుడు బర్రెకు గౌను తొడుగుతాండాడే" అని నవ్వి, బియ్యం గిన్నె తీసుకుని కడగడానికి వాగు దగ్గరికి వెళ్ళిపోయింది. తాడు పట్టుకునే భాగ్యం నాకు దక్కింది.

నాయన పొయ్యికి మూడు రాళ్ళు తేవడానికి లేచాడు. ఎవరైనా అయితే మూడు రాళ్ళు చూసుకుని తెస్తారు. మా ఇంట్లో అలా కుదరదు. పలికే రాయిని పొయ్యికి పెట్టకూడదు. "దేవుడయ్యే రాయి కింద నిప్పు పెడతావా?" అనేది మా నాయనకు వాళ్ళ నాయన నేర్పిన మాట. మా ఇంట్లో బట్టలుతికే బండ కూడా తట్టి, మూగదని తేల్చుకుని వేసిందే. చిన్నప్పుడు నేను బొమ్మల పొయ్యికి మూడు గులకరాళ్ళు తెచ్చుకుంటే, చేస్తున్న పని ఆపి వచ్చి మూడూ తట్టి, అందులో ఒకటి మార్చి ఇచ్చాడు. ఆయన పక్కన కూర్చుని విని విని ఆ తేడా నా చెవికీ పట్టుబడింది.

ఇప్పుడూ తాడు పట్టుకునే వింటున్నాను. మొదటి రాయి దబ్బుమంది. నాయన దాన్ని తెచ్చి పెట్టాడు. రెండోదీ అంతే. మూడో రాయి తట్టగానే ఖంగుమని పలికింది. ఎంత బాగా పలికిందంటే మా ఆయన కూడా టెంటులోంచి తల బయటికి పెట్టాడు. నాయన ఆ రాయిని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, పొయ్యికి మూడో రాయిగా పెట్టి, కదలకుండా సర్దాడు.

"నాయనా! అది పలికింది కదా!" అన్నాను.

వీపు నా వైపే ఉంది. తిరగలేదు.

"చూశారా ఆ పట్టుదల?" అన్నాను మా ఆయనతో. "రాయి గురించి అడిగినా నాతో మాట్లాడడు."

"పోలికలు యాడికి పోతాయి?" అన్నాడు మా ఆయన, మళ్ళీ టెంటులో దూరిపోతూ.

అమ్మ వచ్చి పొయ్యి అంటించింది. సంగటికి ఎసరు పెట్టి, బియ్యం వేసింది. పిండి పోయబోతుంటే చేతిలోని ఇనప గరిటె జారి ఆ మూడో రాయికి తగిలింది. మళ్ళీ ఖంగుమంది. అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాయన వైపు చూసింది. ఆయన ఇటు వీపు పెట్టి పుల్లలు విరుస్తున్నాడు. అమ్మ గబగబా గిన్నె దించి, నిప్పు పక్కకు లాగి, తడిగుడ్డతో ఆ రాయిని బయటికి తోసేసింది. "ఈ రాయి కదుల్తాంది. ఇంకోటి తీస్కరాప్పా" అంది మా ఆయనతో.

రాయి కదలడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"అమ్మా, ఉడికే అన్నం దించి ఇప్పుడు రాళ్ళు మార్చేదేంది?"

"నువ్వు నోరు మూసుకోని నాతో నీళ్ళకు రా."

వాగు దగ్గర బిందె ముంచకుండానే అమ్మ కూర్చుంది.

"మీ నాయనకు చెవులు పోయినాయే" అంది. "రెండేండ్లాయె. ఎదురుగా ఉండి మాట్లాడితే పెదాలు చూసి తెలుసుకుంటాడు. సన్న శబ్దాలు అస్సలు వినపడవు. ఏడాది నుంచి ఫోన్లో అయితే ఏమీ తెలీదు."

నేనూ అమ్మ పక్కనే కూర్చున్నాను.

"కర్నూలుకు పెండ్లికి పోతాండామని నీకు చెప్పి, చెవికి మిషన్ తెచ్చుకున్యాం. దాంట్లో రాయీ రేకూ ఒకటే మాదిరి మోగుతాయంట. తీసి పెట్టెలో పెట్టినాడు."

"మరి ఇన్ని రాళ్ళు ఎట్ల చూసినాడమ్మా?"

"అన్నం క్యారియర్ పట్టుకోని నేను పోతాండా కదా. ఆయన తట్టి నా దిక్కు చూస్తాడు. పలికితే కొంగు నడుముకు బిగిస్తా. పలక్కపోతే ఊరికే నిలబడతా. ఎవురికీ తెలీదు. ఈ పొద్దు నేను ఈడ ఉంటి. ఆయన తొందరపడె."

"నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ నా వైపు సూటిగా చూసింది. "చెప్తే ఏం చేస్తావు? చెవులు బాగుండాయనుకున్నప్పుడే పని ఆపమని అంత మంది ముందర అరిస్తివి."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఏడాది పాటు నేను పెంచుకున్న కోపమంతా ఏమైందో తెలియదు, మిగిలింది సిగ్గొక్కటే. నా గొంతు పెద్దది కాబట్టే, ఎదురుగా ఉన్నప్పుడు ఆయనకు చెవుడని నాకు తెలియనే లేదు.

"ఇప్పుడు నాకూ సరిగ్గా వినపడ్డంల్యా" అంది అమ్మ, బిందె ముంచుతూ. "పోయిన నెల ఒక రాయికి అనుమానంగానే కొంగు బిగిస్తి. దేవుడు కాపాడె. సోమవారం ఏ రాయికి ఏం చెప్తానో నాకే తెలీదు."

ఆ సాయంత్రం సంగటీ, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడీ తింటున్నప్పుడు నేను నాయనకు ఎదురుగా కూర్చున్నాను. ఏమన్నా ఆయన ముఖం చూసి, నిదానంగా అన్నాను. చలిలో ఆ వేడి సంగటి ఎంత కమ్మగా ఉందో! మా ఆయన తలకు లైటు కట్టుకుని తింటుంటే, "గనిలో పనికి పోతాండావా అప్పా?" అని నాయన ఏడిపించాడు. ఆ నవ్వు చూసి నాకు కళ్ళు తడి అయ్యాయి. పొగ మీద నెట్టేశాను.

తెల్లవారి లేచేసరికి నాయన వాగు దగ్గర ఉన్నాడు. అమ్మ తోసేసిన రాయిని నీళ్ళలో పెట్టి, మసి పోయేదాకా ఇసకతో రుద్దుతున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"మీ అమ్మ చెప్పినాదా?" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"రాత్రి నువ్వు అరవలేదు" అన్నాడు. తర్వాత రాయిని చూపించి, "ఇది కదుల్తాందని మార్చినాదంట మీ అమ్మ, అల్లుడు చెప్పె. నేను పెట్టిన రాయి కదల్దు. అప్పుడే తెలిసిపోయె, ఏదో తప్పు చేసినానని."

సంచిలోంచి సుత్తి తీసి రాయిని తట్టాడు. అది తడిసి కూడా పలికింది. నాయన నా ముఖంలోకి చూశాడు. పుట్టినప్పటి నుంచీ నేను ఆయన ముఖం చూసి బతికినదాన్నే. ఆయన నా ముఖం చూసి ఏదైనా తెలుసుకోవాలనుకోవడం అదే మొదలు.

"పలుకుతాందా?"

తలూపాను. ఆయన రాయిని రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత దాన్ని ఎత్తుకుపోయి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి వచ్చాడు. పని మానేయమని చెప్పడానికి ఇంటి దగ్గర ఎన్ని మాటలు కూడగట్టుకున్నానో! వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"సోమవారం బడి ఉందా నీకు?" అన్నాడు నాయన, సుత్తి తుడుచుకుంటూ.

"ఉంది. సెలవు పెడతా."

"అయితే బేగా రావల్ల. ఎండెక్కితే రాయి ముట్టుకోనియదు."

సోమవారం మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాను. నా చుడీదార్ చూసి అమ్మ తల కొట్టుకుంది. "దీనికి కొంగు యాడిదే?" అని తన చీర ఒకటి తీసి కట్టించి, అన్నం క్యారియర్ నా చేతికిచ్చి, తను గడప దగ్గరే ఆగిపోయింది.

రాళ్ళు దించిన చోట బేరగాళ్ళూ, గుడి పెద్దలూ నిలబడి ఉన్నారు. నాయన మొదటి బండను మూడు చోట్ల తట్టి నా వైపు చూశాడు. రెండు చోట్ల బాగానే ఉంది, మూడో చోట దబ్బుమంది. నేను ఊరికే నిలబడ్డాను. ఆయన ఆ బండను దాటేశాడు. రెండో బండ నాకు సరిగ్గా తెలియలేదు. తెలియని దానికి కొంగు బిగించలేను. మళ్ళీ ఊరికే నిలబడ్డాను.

మూడో బండను తలవైపు తట్టాడు, నడుమ తట్టాడు, పాదాల వైపు తట్టాడు. మూడు చోట్లా ఒకటే గొంతుతో పలికింది. ఆ మోత ఆగేదాకా విన్నాను. ఇంత చక్కని మోత చేస్తున్న మనిషికి అది వినపడడం లేదన్న ఆలోచన వచ్చింది, అంతే, అందరి ముందూ కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

నాయన చేతిలో సుత్తి కిందికి దిగింది. గబగబా నా దగ్గరికొచ్చి, "ఏందీ, పగులుందా?" అన్నాడు గొంతు తగ్గించి.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగును నడుముకు బిగించాను.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "పో, గుర్తు నువ్వే పెట్టు" అన్నాడు.